భద్రయ్య లేచిన ఆదివారం

పోయిన వారం చొక్కా గుడ్డ కోసం ఒక దుకాణానికి వెళ్లాను. లోకమంతా కుట్టిన చొక్కాలు కొనుక్కుంటున్నా నాకు కొలతలిచ్చి కుట్టించుకునే అలవాటు పోలేదు. గుమాస్తా ఒక తాను తీసి బల్ల మీద దబదబా విప్పాడు. కొత్త బట్టలోని గంజి వాసన ముఖానికి కొట్టింది. ఆ వాసనతో వరంగల్ చౌరస్తా దగ్గరి ఒక బట్టల కొట్టు, దాని మేడ మీది గోదాము, మూటల మధ్య పరిచిన జంపఖానా, దాని మీద కూర్చున్న నలుగురం గుర్తుకొచ్చాం. ఆ నలుగురిలో కళ్లద్దాలు ముక్కు చివరకు జారిన నరహరి సారు ఉన్నాడు. "ఎన్ని మీటర్లు సారూ?" అని గుమాస్తా రెండుసార్లు అడిగాడట. "రెండున్నర" అన్నాను.

నరహరి సారు ఇంజనీరింగ్ విద్యార్థులకు గణితం చెప్పేవాడు. నల్లబల్ల మీద లెక్క చేస్తూ ఎక్కడైనా తప్పు చేస్తే ఆయన దాన్ని తుడిచేవాడు కాదు. చుట్టూ ఒక సున్నా చుట్టి, పక్కన 'నాది' అని రాసి, కింద సరైన అడుగు వేసి ముందుకు పోయేవాడు. పాఠం అయ్యేసరికి బల్ల మీద రెండో మూడో 'నాది'లు మిగిలేవి. తప్పును తుడిచేస్తే అది ఎక్కడ జరిగిందో మరిచిపోతామని ఆయన వాదన. నేను ఆయన విద్యార్థిని కాను. హనుమకొండలో ఒక హైస్కూల్లో సైన్సు టీచర్ని. ఇరవై నాలుగేళ్లవాణ్ణి. సెలవు రోజుల్లో మా హేతువాద మిత్రులతో కలిసి ఊళ్లు తిరిగేవాణ్ణి. బాణామతి లేదు, దయ్యం లేదు, పునర్జన్మ లేదు అని అరిచి అరిచి నా గొంతు ఎప్పుడూ బొంగురుగానే ఉండేది. నన్ను అందరూ పంతులు అనే పిలిచేవారు.

ఎనభైల మొదట్లో పునర్జన్మ మీద ఒక చర్చా సభ జరిగింది. అవతలి పక్షాన ఒక పెద్దాయన మాట్లాడాడు. ఆయన వాదనలను ఒక్కొక్కటిగా ఉతికి ఆరేశాను. చప్పట్లే చప్పట్లు. సభ అయ్యాక, చేతులకు సుద్దపొడి అంటుకున్న ఒక నలభై ఏళ్ల మనిషి నా దగ్గరికి వచ్చాడు.

"బాగ మాట్లాడినవయ్యా. ఒక్కటి చెప్పు. ఆయన నిన్నడిగిన ప్రశ్నలల్ల మంచి ప్రశ్న ఏది?"

"ఒక్కటి గుడ లేదు సారూ."

"గంట సేపు మాట్లాడిండు. ఒక్కటన్న లేదా?" అని నవ్వాడు. "సరే. ఆదివారం తీరికేనా?"

అలా నేను ఆ మేడ ఎక్కాను. బట్టల కొట్టు సారు అన్న పాండురంగం సేటుది. ఆదివారం షట్టరు సగం దించి, సేటు గల్లాపెట్టె దగ్గర ఒంటరిగా కూర్చునేవాడు. మేము వంగి లోపలికి దూరగానే మొదలుపెట్టేవాడు. "రాండ్రి, రాండ్రి. ఊరందరి తమ్ముండ్లు దుకాండ్లు నడుపుతాంటె మా తమ్ముడు దయ్యాలను నడుపుతాండు. ఇంగ్లండ్ల చదివి వచ్చిండు మరి!"

సారు ఇంగ్లండులో రెండేళ్లు చదివి వస్తూ ఒక ఆట తెచ్చుకున్నాడు. ఆ ఆటకు పలక లేదు, గడులు లేవు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక మనిషిని ఊహించుకుని, ఆ మనిషి బలమెంతో తెలివెంతో ఒక కాగితం మీద రాసుకుంటారు. 'మీ ముందు గుహ ఉంది, లోపలి నుంచి మూలుగు వినిపిస్తున్నది, ఏం చేస్తారు?' అని కథ నడిపేవాడు అడుగుతాడు. ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. చెప్పింది జరిగిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. ఆ పాచికలు మనం ఎరిగిన పచ్చీసు పాచికల్లా ఉండవు. ఒకదానికి ఇరవై ముఖాలు. వాటి మీది అంకెలు చెక్కి వదిలేసి ఉంటే, సారు మైనపు రంగుబిళ్లతో రుద్ది కనబడేటట్టు చేశాడు. ఆట ఒక ఆదివారంతో అయిపోదు. అదే కథ, అవే మనుషులు, నెలల తరబడి నడుస్తారు. వాళ్లు గాయపడతారు, కోలుకుంటారు, చస్తారు. ఆట నియమాల పుస్తకం ప్రకారమైతే పెద్ద వైద్యులు ఆ చచ్చినవాళ్లను మళ్లీ లేపుతారు కూడా.

ఈ చివరి మాట వినగానే నేను జంపఖానా మీద నుంచి సగం లేచాను. "సారూ, మేము ఊరూరు తిరిగి సచ్చినోళ్లు లేవరని చెప్తానం. ఆదివారం గిక్కడ కూసోని లేపుదమా? నేను ఆడాల్నంటె ఒక్కటే షరతు. సచ్చినోడు సచ్చినట్టే."

సారు నన్ను కాసేపు చూశాడు. తర్వాత తన నోటుబుక్కు తెరిచి, 'చచ్చినవాళ్లు లేవరు, పంతులు కోరిక మీద' అని రాశాడు. పూజారి వేషం, మాంత్రికుడి వేషం రెండూ వద్దన్నాను కాబట్టి చివరికి నాకు మిగిలింది దొంగ వేషం. మా హేతువాద మిత్రులు ఇది తెలిసి చాలాకాలం నవ్వారు.

మాలో వైద్యురాలి వేషం సరోజనక్కది. ఆమె నిజంగానే పెద్ద దవాఖానలో నర్సు. నాలుగో మనిషి సమ్మయ్య. బట్టల మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసేవాడు, నా కంటే పదేళ్లు పెద్ద. వర్ధన్నపేట పక్కన వాళ్ల ఊళ్లో అతని చిన్నమ్మ బాణామతి చేస్తున్నదని జనం కర్రలు పట్టుకుని ఆమె ఇంటి మీదికి పోతే, మా హేతువాద మిత్రులం అడ్డం నిలబడ్డాం. ఆమె వాకిట్లో ఎవరో పడేసిన నిమ్మకాయను, కుంకుమతో సహా, నేను అందరి ముందు కోసి నీళ్లలో పిండి తాగాను. "రేపు ఇదే యాళ్లకు వస్త. బతికి ఉంటె మీరు కట్టెలు కింద పడెయ్యాలె" అన్నాను. మర్నాడు పోయాను. కర్రలు కింద పడ్డాయి. అప్పటి నుంచి సమ్మయ్య నాకు స్నేహితుడయ్యాడు. నేనే అతణ్ణి మేడ మీదికి తీసుకుపోయాను.

సమ్మయ్య తన మనిషికి బల్లెం భద్రయ్య అని పేరు పెట్టుకున్నాడు. అతనికి సంతకం చేయడం తప్ప రాత రాదు. కాగితం నేను రాసిస్తానంటే వద్దన్నాడు. సారు దగ్గర ఒక్కొక్క అక్షరం అడిగి నేర్చుకుని, రెండు నెలలు పట్టినా, భద్రయ్య కాగితాన్ని తన చేత్తోనే నింపాడు. మిల్లులో సమ్మయ్యను ఎవరూ ఏమీ అడగరు, చెప్పింది చేయమంటారు. మేడ మీద మాత్రం ఏ గుహ ముందు నిలబడినా అందరం ఒకటే అడిగేవాళ్లం, 'భద్రయ్యా, ఏం జేద్దాం?' అని. సమ్మయ్య అప్పుడు గడ్డం నిమురుకుంటూ, జవాబు ముందే తెలిసినా, కావాలని ఆలస్యం చేసేవాడు. ఇలా ఏడాదిన్నర ఆదివారాలు గడిచాయి.

తర్వాత ఒక ఆదివారం జరిగినదానికి మా నలుగురిలో ఎవరి తప్పూ లేదని నేను చాలా రోజులు అనుకున్నాను. కథలో మేము ఒక పాత కోట కింది సొరంగంలో ఉన్నాం. తలుపు ముందు రాతి మీద ఒక నిమ్మకాయ, దాని చుట్టూ కుంకుమ. సారు నెమ్మదిగా చెప్పాడు. ఒక ఎలుక వచ్చి కాయను వాసన చూసి గిలగిల కొట్టుకుని చచ్చింది. దివిటీ దగ్గరికి తేగానే మంట నీలంగా మారింది. కావలి ముసలాయన, దీన్ని ముట్టిన నలుగురినీ తానే పూడ్చిపెట్టానన్నాడు.

"ఎలుక ఎక్కడనో మందు తిని వచ్చింది" అన్నాను. "సొరంగంల గాలి ఆడక మంట రంగు మారింది. ముసలాయనది పుకారు. నేను కాయ కోసి నీళ్లల్ల పిండుకోని తాగుతాన."

"మందు అని నువ్వే అంటానవ్, మళ్ల తాగుతానంటానవ్. నీకేమన్న తిక్క లేసిందా?" అంది సరోజనక్క.

"కాయల ఏముంటదక్కా? సమ్మన్నా, నువ్వు సగం తాగుతవా?"

సమ్మయ్య గడ్డం నిమురుకోలేదు, ఆలస్యం చేయలేదు. "పంతులు తాగితె భద్రయ్య తాగుతడు" అన్నాడు.

సారు ఇద్దరినీ పాచిక వేయమన్నాడు. నాకు పదిహేడు పడింది. దొంగ బతికాడు. సమ్మయ్యకు మూడు పడింది. భద్రయ్య గుమ్మం మీదనే కూలిపోయాడు.

సమ్మయ్య సరోజనక్క వైపు తిరిగాడు. "అక్కా, నీ మనిషి పెద్ద వైద్యురాలాయె గదా. పుస్తకంల లేపుడు ఉన్నదన్నరు గదా?"

సరోజనక్క సారును చూసింది. సారు నన్ను చూశాడు. నేను అన్నాను, "నియమం నియమమే సమ్మన్నా. సచ్చినోడు సచ్చినట్టే." సభలో ప్రతివాదిని కూర్చోబెట్టినప్పుడు నా గొంతులో పలికే బింకం అప్పుడు కూడా పలికిందని చెప్పడానికి ఇన్నేళ్ల తర్వాత కూడా సిగ్గుపడుతున్నాను. సమ్మయ్య తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "పోతాన సారూ" అని మెట్లు దిగిపోయాడు. ఆ తర్వాత మూడు ఆదివారాలు రాలేదు.

మూడో ఆదివారం ఆట మధ్యలో ఆపి సారు నన్ను చాయ్ తాగుదామని కిందికి తీసుకుపోయాడు. హోటల్లో సాసరులో చాయ్ పోసుకుని ఊదుతూ అడిగాడు.

"సమ్మయ్య ఊర్ల నువ్వు నిమ్మకాయ ఎందుకు తాగినవ్?"

"శాపం లేదు కాబట్టి."

"కాదు. శాపానికి సాక్ష్యం లేదు కాబట్టి. గది మంచి పని, శానా మంచి పని. మరి నా సొరంగంల నేను మూడు సాక్ష్యాలిచ్చిన. ఎలుకనిచ్చిన, మంటనిచ్చిన, చూసిన మనిషినిచ్చిన. నువ్వు మూడింటిని కొట్టేసినవ్. చూడకముందే అన్ని ఎర్కయినోన్ని ఏమంటరయ్యా?"

జవాబు నాకు తెలుసు. నా వ్యాసాల్లో ఆ మాటను ఎందరి మీదనో ప్రయోగించాను. మూఢ విశ్వాసి అంటారు. కానీ నేను ఊరికే ఓడిపోయే రకం కాదు.

"సరే సారూ, గది నా పొరపాటే అనుకుందాం. లేపుడు మాత్రం ఎట్ల ఒప్పుకోవాలె? అది మూఢనమ్మకం కాదా?"

"చదరంగంల సిపాయి ఆఖరు గడి దాక పోతె మంత్రి అయితడు. అది చూసి నిజంగ ఏ సిపాయన్న మంత్రి అయితనని ఆశపడ్డడా?" ఆయన చాయ్ తాగేసి సాసరు కింద పెట్టాడు. "ఊర్లల్ల సచ్చినోన్ని లేపుతనన్నోడు ఎదుటోని దుఃఖం మీద బతుకుతడు. వాన్ని కొట్టాల్సిందే. ఈడ ఎవలు ఎవలను మోసం చేస్తాండ్లు? అది కాగితమని మనకంటె సమ్మయ్యకే బాగ ఎర్క. ఆయనే రాసుకున్నడు గదా. నువ్వు కాపాడేది సత్యాన్ని కాదయ్యా, నీ మాటను."

కోపం వచ్చింది. ఇంటికి పోయి ఆయన వాదనను ఖండిస్తూ రెండు పేజీలు రాశాను కూడా. రాసింది చదువుకుంటే, సమ్మయ్య ఎలా నొచ్చుకున్నాడో అందులో ఒక్క ముక్క లేదు. నా నియమం ఎంత గొప్పదో ఉంది. ఆ కాగితాలు చించేసి, మర్నాడు బడి నుంచి ఒక పూట సెలవు తీసుకుని మిల్లు గేటు దగ్గర నిలబడ్డాను.

షిఫ్టు వదిలారు. తల నిండా దూదిపింజలతో, చేతిలో టిఫిను డబ్బాతో సమ్మయ్య వచ్చాడు.

"ఏం పంతులూ, గేటు కాడికొచ్చినవ్? మిల్లోళ్లకు లెక్చరిస్తవా?"

"నీతోని మాట్లాడాలె సమ్మన్నా."

"నాతోని ఏమున్నది? నా మనిషి సచ్చె, నీ మనిషి బతికె."

"నా వల్లనే సచ్చిండు. సారు సైగ మీద సైగ చేసిండు, నేను చూడలె. తప్పు నాదే."

సమ్మయ్య నడుస్తూనే ఉన్నాడు. నేను పక్కన నడిచాను. కొంత దూరం పోయాక ఆగాడు. "భద్రయ్య కాయ ఎందుకు తాగిండు ఎర్కనా? వానికి ఎలుక కనవడలేదా? కనవడ్డది. మా చిన్నమ్మ వాకిట్ల నువ్వు తాగినప్పటి సంది, నువ్వు తాగితె నేను తాగుత అనుకున్న. గంతే. మళ్ల నువ్వే నియమమంటివి. భద్రయ్య సచ్చుడు కాదు పంతులూ, నువ్వు జర గుడ ఫికర్ పడకపోతివి. గది నొచ్చింది."

"వచ్చే ఆదివారం రా సమ్మన్నా" అన్నాను.

"వస్త. గని ఈడ చెప్పిన మాట ఆడ చెప్పాలె. నియమం పెట్టింది అందరి ముందల్నే గదా?"

ఆదివారం సమ్మయ్య మా అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు. పాండురంగం సేటు కూడా ఏదో మూట వెతికే నెపంతో మేడ మీదికి వచ్చి నిలబడ్డాడు. నేను నోరు తెరవబోయే లోపల సారు తన నోటుబుక్కు నా ముందుకు తోసి, పెన్సిలు ఇచ్చాడు. నేను ఆ మొదటి పేజీ తీసి, 'చచ్చినవాళ్లు లేవరు' అన్న వాక్యం చుట్టూ సున్నా చుట్టాను. అది గుండ్రంగా రాలేదు. పక్కన 'నాది' అని రాసి, పుస్తకం సమ్మయ్య చేతికిచ్చాను.

అతను వేలు పెట్టి చదివాడు. "నా... ది." మళ్లీ చదివాడు. "ఏందిది?"

"తప్పు నాదని రాసిండు" అంది సరోజనక్క. "తొందరగ కాగితం తియ్యి. నాకు మూడు గంటలకు డ్యూటీ ఉన్నది, గంతల్నే మనిషిని లేపాలె."

పుస్తకం ప్రకారం లేవడం కూడా ఖాయం కాదు. నూటికి డెబ్బై పాళ్లు అవకాశం, అంతే. లేచినా మనిషి మునుపటిలా ఉండడు, ఒంట్లో సత్తువ ఒక పాలు తగ్గుతుంది, అది ఎప్పటికీ తిరిగి రాదు. సారు ఇదంతా వివరించాడు. సమ్మయ్య తలూపాడు. "మిల్లుల నాకు గుడ ఏడాదికింత దమ్ము తగ్గుతాంది. భద్రయ్యకు తగ్గితె ఏమాయె" అన్నాడు. నవ్వాలో వద్దో మాకు తెలియలేదు. పదులకు ఒకటి, ఒకట్లకు ఒకటి అని సారు ఇచ్చిన రెండు పాచికలను అతను గుప్పిట్లో పట్టుకున్నాడు. దైవాన్నీ అదృష్టాన్నీ పరిహాసం చేసే నేను ఆ గుప్పిటి వంక ఊపిరి బిగబట్టి చూశాను.

నలభై ఒకటి. డెబ్బైకి లోపలే. సరోజనక్క చప్పట్లు కొట్టింది. "లేచిండా?" అని సేటు మూటల వెనక నుంచి అడిగాడు.

"లేచిండు" అన్నాడు సారు. "భద్రయ్యా, కండ్లు తెరిచినవ్. ఎదురుంగ దొంగ నిలవడ్డడు. ఏం జేస్తవ్?"

సమ్మయ్య గడ్డం నిమురుకున్నాడు. మమ్మల్ని చాలాసేపు వేచి ఉండనిచ్చాడు. "దొంగకు చెంప మీద ఒక్కటిస్త" అన్నాడు. పాచిక వేశాడు. దెబ్బ తప్పిపోయింది. "లేచినంక సత్తువ తగ్గుతదన్నరు, గిదేనా?" అని అతను అంటే అందరం నవ్వాం. సేటు అందరికంటే ఎక్కువ నవ్వాడు.

ఆట ఇంకో నాలుగైదేళ్లు నడిచింది. ఎనభైల చివర్లో ఒక ఉదయం నరహరి సారు గుండె ఆగి చనిపోయాడు. యాభై కూడా నిండలేదు. సరోజనక్క దవాఖాన నుంచి నేరుగా మా బడికి వచ్చి చెప్పింది. నేను, ఆమె, సమ్మయ్య కలిసి పోయేసరికి కొట్టు మూసి ఉంది. ముందరి మెట్ల మీద పాండురంగం సేటు కూర్చుని ఉన్నాడు. చుట్టూ బంధువులు. వైకుంఠానికి పోయాడనీ, మళ్లీ అదే ఇంట్లో పుడతాడనీ తలా ఒక మాట చెబుతున్నారు. సేటు నన్ను చూశాడు.

"పంతులూ! ఊరూరు తిరిగి చెప్తవు గదా. గిప్పుడు చెప్పు. మా తమ్ముడు యాడ ఉన్నడు?"

అందరూ నా వైపు తిరిగారు. సరోజనక్క నా చొక్కా చెయ్యి పట్టి లాగింది, ఊరుకోమని. వైకుంఠంలో ఉన్నాడంటే ఆ పూటకు గడిచిపోయేది. కానీ సారు ఎక్కి దిగిన మెట్ల ముందు నిలబడి ఆయన గురించి అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు. ఏళ్లుగా కంఠతా వచ్చిన జవాబును ఆ మనిషి ముఖం మీద విసరడం కూడా చేతకాలేదు. నేను పోయి మెట్టు మీద సేటు పక్కన కూర్చున్నాను.

"నాకు ఎర్కయినంతల యాడ లేడు సేటూ."

"యాడ లేడా?"

"యాడ లేడు. నేను చెప్పింది తప్పయి, నరహరి సారు యాడనన్న ఉన్నడని తేలితె, నీ కంటె ముందుగాల సంతోషపడేటోన్ని నేనే."

సేటు తన బరువైన చెయ్యి నా మోకాలి మీద వేశాడు. "పొద్దుగాల సంది అందరు ఏదో ఒకటి చెప్పి నన్ను ఊకుంచుతాండ్లు" అన్నాడు. "జర సేపు ఈడనే కూసో."

కూర్చున్నాను. సమ్మయ్య కింది మెట్టు మీద కూర్చున్నాడు. సాయంత్రం వరకు అలాగే ఉన్నాం.

చనిపోయినవాళ్లు లేవరని నేను ఇప్పటికీ రాస్తున్నాను, ఇప్పటికీ సభల్లో చెబుతున్నాను. ఒక్క అక్షరం మార్చలేదు, మార్చవలసిన సాక్ష్యమేదీ ఇంతవరకు కనబడలేదు. కాని ఆ రోజు నుంచి చావు జరిగిన ఇంట్లో ఎవరైనా నన్ను ఆ ప్రశ్న అడిగితే నిలబడి జవాబు చెప్పను. పక్కన కూర్చుని చెబుతాను. చెప్పాక వాళ్లు ఇంకేమైనా అడుగుతారేమోనని చాలాసేపు లేవను.